మొసలికి నడుమెక్కడ?

సెలవు రోజు పొద్దున్నే తూనికలాయన పెట్టుకున్న పని చాలా చిన్నది. కిర్రుమంటున్న వంటింటి తలుపు బందులకు కాస్త నూనె వేసి, ఆ తర్వాత మధ్యాహ్నం దాకా కాళ్లు చాపుకుని పేపరు చదువుకోవాలనుకున్నాడు. తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు కావడంతో అపార్ట్‌మెంట్‌లో అందరికీ ఆయన తూనికలాయనే. నూనె డబ్బా మూత తీశాడో లేదో ఫోను మోగింది.

అవతల భార్య. ఆమె ఆసుపత్రిలో నర్సు. వార్డులోంచి మాట్లాడుతోంది. వెనక ట్రాలీ చక్రాల చప్పుడు, ఎవరిదో మూలుగు.

"ఏమండీ, టీచర్ ఫోన్ చేసింది. రేపు సాయంత్రం నాటకంలో మన పిడుగుది మొసలి వేషమట. బట్టలు అద్దెకి తేకూడదట, ఇంట్లోనే కుట్టాలట. ఇక్కడ ఇద్దరు నర్సులు సెలవు పెట్టారు, ఈ రాత్రికి నేను రాలేను. రేపు నేరుగా బడికే వస్తా. డాక్టరుగారొస్తున్నారు, పెట్టేస్తున్నా."

పిడుగు అంటే రెండో తరగతి చదివే కూతురు. నేల మీద బోర్లా పడుకుని బొమ్మ గీస్తోంది.

"ఏమ్మా, రేపు నీది మొసలి వేషమా?"

పిడుగు పెన్సిలు ఆపింది. నాన్న ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. "ఊఁ, మొసలే. పెద్ద తోకుండాలి నాన్నా."

తూనికలాయనకు ఒళ్లు మండింది. "పాఠాలు మనమే చెప్పాలి, బొమ్మలు మనమే వేయాలి, అట్టలు మనమే అంటించాలి. ఇప్పుడు బట్టలు కూడా మనమే కుట్టాలా? ఇక బడి దేనికి, గంట కొట్టడానికా?"

"గంట కూడా పిల్లలే కొడతారు నాన్నా," అంది పిడుగు.

ఇంకో తండ్రయితే బడికి ఫోన్ చేసి నాలుగు దులిపేవాడే. ఆయనకు ఆ ధైర్యం లేదు. పోయిన సంవత్సరం వార్షికోత్సవంలో పిడుగు పాట పాడింది. ఆయన బయలుదేరాడు, కానీ దారిలో పళ్ల బండి మీద తక్కెడ ఒక పక్కకి వాలినట్టు కనిపించింది. దాన్ని సరిచేయించి బడికి చేరేసరికి కుర్చీలు మడిచి పేర్చేస్తున్నారు. పిడుగు ఏడవలేదు. "తక్కెడ బాగైందా నాన్నా?" అని మాత్రం అడిగింది. ఆ ప్రశ్న ఆయనకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

అందుకే చొక్కా తగిలించుకుని వీధి చివరి దర్జీ దగ్గరికి వెళ్లాడు. దర్జీ మొత్తం విని సూది నోట్లోంచి తీశాడు.

"మనుషులకి కుడతాను సార్. మొసలికి నడుమెక్కడ? భుజమెక్కడ? నేను కొలత ఎక్కడ తీయాలి?"

"చిన్నపిల్లకయ్యా! కాస్త తోక పెట్టి..."

"అయినా నా టేపు పొట్టిదని అందరి ముందూ అన్నారుగా మీరు. పొట్టి టేపుతో కుడితే పొట్టి మొసలే వస్తుంది. మీ దగ్గర సర్కారు టేపుందిగా, మీరే కుట్టుకోండి."

తూనికలాయన ఉడుక్కుంటూ ఇంటికొచ్చాడు. "కుట్టుపనంటే ఏముంది? కొలవడం, కోయడం, కలపడం. అందులో కొలవడం నాకంటే బాగా తెలిసినవాడు ఈ ఊళ్లోనే లేడు. అత్తయ్యగారూ, మీ మిషను కావాలి!"

అత్తగారు కంటి ఆపరేషను చేయించుకుని కూతురి దగ్గరే ఉంటోంది. నల్లకళ్లద్దాలు తీయకూడదని, సూది దారం ముట్టుకోకూడదని డాక్టరు చెప్పాడు. నోరు వాడకూడదని మాత్రం చెప్పలేదు.

"నా మిషనా? పోయినసారి బాగుచేస్తానని విప్పారు. మళ్లీ బిగించాక మూడు మరలు మిగిలాయి."

"అయినా నడుస్తోంది కదా!"

"నడుస్తోంది నాయనా. కుంటుతూ నడుస్తోంది. సరే, కుట్టండి. నాకెలాగూ కనపడదు, అదొక్కటే అదృష్టం."

గుడ్డ ఎక్కడిదన్న ప్రశ్న వచ్చింది. తూనికలాయన చూపు ముందు గది కిటికీ మీద పడింది. ముదురాకుపచ్చ కర్టెన్, మందంగా, నిగనిగలాడుతూ, పుట్టుకతోనే మొసలిలా ఉంది. చప్పుడు వినగానే అత్తగారికి అనుమానం వచ్చింది.

"అల్లుడుగారూ, ఆ రింగులు లాగుతున్నది కర్టెనుకేనా? అది మా అమ్మాయి ఎంత ముచ్చటపడి కొనుక్కుందో తెలుసా?"

"పిల్లకి బట్టల్లేక మనం చస్తుంటే కిటికీకెందుకండీ బట్టలు?"

ఉక్కు టేపు తీసి పిడుగును నిలువునా, అడ్డంగా, ఏటవాలుగా కొలిచాడు. వెంట్రుకవాసి తేడా రాకుండా గుడ్డ కోశాడు. మధ్యాహ్నానికి మొసలి ఒళ్లు సిద్ధమైంది. అట్టపెట్టెతో తల చేసి, గేటుకు వేయగా మిగిలిన పచ్చరంగు పూసి, నోట్లో అట్టపళ్లు అంటించాడు. దిండు చింపి, దూది కూరి, పిడుగు కంటే పొడుగైన తోక మొదలుపెట్టాడు. సగం తోకకు కూడా రంగేసి, తలతో పాటు బాల్కనీ కమ్మీల మీద ఆరబెట్టాడు. తల రోడ్డువైపు నోరు తెరుచుకుని చూస్తోంది. తోక కింద అంతస్తు మీదికి వేలాడుతోంది.

ఈలోగా పిడుగు మొసలి ఒంట్లోకి దూరింది. కొలత ఎంత కచ్చితంగా కుదిరిందంటే, మనిషి ఊపిరి పీల్చుకునేందుకు కూడా అందులో చోటు మిగల్లేదు. చేతులు లోపలే ఉండిపోయాయి. తల బయటికి రావాల్సిన చోట ఆయన శ్రద్ధగా కుట్టు వేసేశాడు.

"నాన్నా, చీకటిగా ఉంది," అంది మొసలి.

"కదలకమ్మా. ఈ తోక చివర కుట్టేసి వచ్చి నిన్ను తీస్తా."

బాల్కనీలోంచి తోక రెండో కొస మిషను మీదికి లాక్కుని, కోపమంతా తొక్కుడుబల్ల మీద చూపిస్తూ టకటకా కుట్టేశాడు. లేవబోతే మిషనూ లేచింది. చూసుకుంటే తోకతో పాటు తన చొక్కా అంచు కూడా కుట్టులోకి పోయింది. అది కూడా రెండు వరసల గట్టి కుట్టు.

"ఇదేం మిషనండీ! వేసుకున్న చొక్కాని కుట్టేస్తుందా?"

"మిషనుకేం తెలుసు నాయనా, ఏది మొసలో ఏది అల్లుడో," అంది అత్తగారు.

సరిగ్గా అప్పుడే కిందింటావిడ బట్టలు తీయడానికి తన బాల్కనీలోకి వచ్చింది. మొహానికి ఏదో చల్లగా తగిలింది. పైకి చూసి కేక పెట్టింది. ఆ కేక విని వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు, తనూ పైకి చూశాడు, పరుగెత్తుకెళ్లి ఇంటర్‌కమ్ అందుకున్నాడు. ఇక్కడ తీసింది అత్తగారు.

"అమ్మా, మీ ఇంట్లో మొసలి ఉందా?"

"ఉంది నాయనా. పొద్దుట్నుంచీ దాంతోనే చస్తున్నాం."

వాచ్‌మన్ ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాడు. "మరి... మీరంతా బాగానే ఉన్నారా?"

"ఏం బాగు? మా మనవరాలు దాని కడుపులో ఇరుక్కుంది. తలా చేతులూ లోపలే ఉన్నాయి, కాళ్లు మాత్రం బయటున్నాయి. కడుపు కోసి తీయాలి. మా అల్లుడు చూస్తే దాని తోకకి అతుక్కుపోయాడు, వదలట్లేదు."

"అయ్యో, పాప బతికే ఉందా అమ్మా?"

"ఎందుకుండదు? పాట పాడుతోంది."

వాచ్‌మన్ ఇంటర్‌కమ్ వదిలేశాడు. ఆ తర్వాత తూనికలాయనకు వినపడింది సైరను. "ఎవరికి ఏమొచ్చిందో పాపం," అనుకుంటూ పళ్లతో కుట్టు విప్పుకోబోతుంటే తలుపు దడేలున తెరుచుకుంది. బూట్లు, హెల్మెట్లు వేసుకున్న అగ్నిమాపకవాళ్లు తాళ్లు, వల పట్టుకుని లోపలికి దూకారు. ఎదురుగా ఆకుపచ్చటి తోక ఒకటి నేల మీద మెలికలు తిరుగుతోంది, దాని కొసన ఒక మనిషి గింజుకుంటున్నాడు. వాళ్ల పెద్దాయన చెయ్యి ఊపాడు. వల పడింది.

"ఏయ్! తీయండి ముందు! ఎవరి ఇల్లనుకున్నారు ఇది?" వలలోంచి అరిచాడు తూనికలాయన. "గవర్నమెంటు ఉద్యోగిని! బట్టలు కుట్టుకోవడం కూడా నేరమేనా ఈ దేశంలో?"

"సార్, కదలకండి, దాని నోరు ఎటుందో చెప్పండి!"

"నోరు బాల్కనీలో ఆరుతోంది!"

ఇంతలో మూలనున్న ఆకుపచ్చ మూట గెంతుతూ వచ్చి, "అంకుల్, నన్ను కూడా వలలో వేస్తారా?" అని అడిగింది. బూట్లవాళ్లు నలుగురూ ఒక్కసారి వెనక్కి తూలారు.

అంతా తేలేసరికి మెట్ల మీద అపార్ట్‌మెంట్ మొత్తం నిలబడి ఉంది. పెద్దాయన హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని కేకలేశాడు. తూనికలాయన అంతకంటే గట్టిగా వేశాడు. ఎవరి కోపం వాళ్లకి న్యాయంగానే తోచింది. చివరికి పెద్దాయన కుట్టు కత్తిరించి పిడుగును బయటికి తీసి, తోకను ఆ చివర్నుంచి ఈ చివరి దాకా చూసి, "ఇంత మందిని పరుగెత్తించారు కదయ్యా," అన్నాడు.

తూనికలాయన అరుపు ఆపాడు. "అంటే... మీరు నిజం మొసలనే అనుకున్నారా?"

"అనుకోకపోతే వలెందుకు తెస్తాం?"

"చాలు. ఆ ఒక్క మాట చాలు నాకు."

రాత్రి కూర్చుని కత్తిరించిన చోట మళ్లీ కుట్టి, మరునాడు సాయంత్రం మొసలి తోకను భుజానేసుకుని, కూతురిని చెయ్యి పట్టుకుని, అత్తగారిని వెంటబెట్టుకుని ఆయన అందరికంటే ముందు బడికి చేరాడు. దారిలో ఏ తక్కెడ వైపూ చూడలేదు. వేదిక వెనక టీచరు ఆయన్ని చూసి నోరు వెళ్లబెట్టింది.

"ఇదేమిటండీ?"

"మొసలి," అన్నాడు గర్వంగా. "అగ్నిమాపకవాళ్లే నిజమనుకున్నారు."

"మా నాటకంలో మొసలి లేదండీ! అడివిలో గుడిసె, గుడిసెలో ముసలి, ఆ ముసలిని తినడానికొచ్చే తోడేలు. పాపది ముసలి వేషం! మొసలి ఎక్కడ పడుకోవాలి, గుడిసెలోనా?"

అప్పుడే ఆసుపత్రి నుంచి రొప్పుతూ వచ్చిన భార్య తల పట్టుకుంది. "నేను ముసలి అన్నానండీ, ముసలి!"

"మొసలి అనే వినిపించింది! సరే, నేను తప్పుగా విన్నాను. మరి ఇదేమంది?" తూనికలాయన కూతురి వైపు తిరిగాడు. "నిన్ను అడిగానా లేదా?"

పిడుగు తోకను గట్టిగా వాటేసుకుంది. "అడిగావు. టీచర్ ముసలే అంది. కానీ ముసలికి ఏముంటుంది నాన్నా? కర్ర. మొసలికి తోకుంటుంది."

పిడుగు కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి మొసలి కన్నీళ్లని ఎవరైనా అనుంటే తూనికలాయన ఊరుకునేవాడు కాదు.

"ఇంకో అయిదు నిమిషాల్లో తెర లేస్తుంది. ముసలి లేకుండా నాటకం ఎలాగండీ?" అంటూ టీచరు కంగారుగా చుట్టూ చూసింది. ఆ చూపు తిరిగి తిరిగి ఒకచోట ఆగింది. భార్య చూపూ అక్కడే ఆగింది. తూనికలాయన చూపు మొదట్నుంచీ అక్కడే ఉంది.

"ముసలి అనగానే అంతా నన్నెందుకు చూస్తున్నారు?" అంది అత్తగారు.

"అమ్మా, ఒక్క పది నిమిషాలు," అంది తూనికలాయన భార్య.

"పది నిమిషాలు ముసలిదాన్నయితే, తర్వాత మళ్లీ పడుచుదాన్ని ఎవరు చేస్తారు? నేను చచ్చినా ఎక్కను."

"అమ్మమ్మా," అంది మొసలి, "నువ్వు ఎక్కకపోతే నాటకం ఉండదు. అప్పుడు నేను కూడా ఉండను."

అత్తగారు ఎక్కింది. చుట్టూ చీకటి, కళ్లకి నల్లద్దాలు, చేతిలో ఎవరో పెట్టిన కర్ర. "ఏ వెధవ కట్టాడ్రా ఈ మెట్లు!" అన్నది ఆమె మొదటి మాట. సభ ఘొల్లుమంది. మొసలి ఒక మూల కదలకుండా పడుకోవాలన్నది ఒప్పందం. కానీ అమ్మమ్మ తడుముకుంటూ వచ్చి తోక తొక్కింది, మొసలి కెవ్వుమని దొర్లింది, అప్పుడే గుడిసెలోకి వచ్చిన తోడేలు దాన్ని చూసి నిజంగానే భయపడి అమ్మా అని ఏడుస్తూ పారిపోయింది. అత్తగారికి ఎవరు వచ్చారో, ఎవరు పోయారో కనపడలేదు. అందుకని అందరినీ తిట్టింది. మెట్లు కట్టినవాణ్ణి, దీపాలార్పినవాణ్ణి, ముసలి అన్న ప్రతివాణ్ణీ పేరుపేరునా కడిగేసింది. చప్పట్లు ఆగడం లేదు.

మొసలి తల పైకెత్తి మొదటి వరస వైపు చూసింది. తూనికలాయన లేచి నిలబడి రెండు చేతులూ ఊపాడు. వెనక వాళ్లు కూర్చోమంటున్నా కూర్చోలేదు.

నాటకమయ్యాక, ఇంట్లో చేసిన వేషాల్లో ఉత్తమమైనదానికి బహుమతి అన్నారు. ఇవ్వడానికి వచ్చిన పెద్దమనిషి పళ్ల డాక్టరు. తూనికలాయన చొక్కా గుండీ పెట్టుకుని, జుట్టు సర్దుకుని, నడవలోకి సగం వచ్చేశాడు.

"మొసలి చాలా కష్టపడి చేశారు," అన్నాడు డాక్టరు మైకులో. "కానీ ఆ పళ్ల వరస తప్పు. ఏ మొసలికీ అలా ఉండవు. బహుమతి ముసలమ్మ వేషానికి! ఆ బట్టలు చూడండి. ఎన్ని పాత పెట్టెలు వెతికి తెచ్చారో గానీ, చూడగానే తొంభై ఏళ్ల మనిషి కళ్లకు కట్టింది."

అత్తగారు ఆ పూట వేసుకొచ్చినవి, వయసు కనపడనివ్వవని షాపువాడు ఒట్టేసి చెబితే కొనుక్కున్న కొత్త బట్టలు.