ఎలుగుబంటి తెచ్చిన పళ్ళెం

ఆ ఉదయం టైలరు వేసుకున్న పథకం చిన్నదే. ఇంటిల్లిపాదీ త్వరగా ఫలహారం ముగించాలి, వినోదాల పార్కు గేటు తీసేసరికి ముందు వరుసలో ఉండాలి, జనం పెరగక ముందే పెద్ద రైలు ఎక్కాలి. గుడ్డకి కొలత తీసినట్టు అన్నీ ముందే కొలిచి పెట్టుకున్నాడు. వాళ్ళు దిగిన రిసార్టు పార్కును ఆనుకునే ఉంది. భోజనాల హాలు కిటికీలోంచి చూస్తే ఆ రైలు పట్టాలు ఆకాశంలో మెలికలు తిరిగి కనిపిస్తాయి.

అతని భార్య పథకం వేరు. ఆమెకు రైలు అక్కర్లేదు. చిన్నది హాల్లో కూర్చుని, నలుగురితో పాటు, వేడివేడిగా పళ్ళెంలో తినాలి. అంతే.

చిన్నదానికి ఆరేళ్ళు. వేరుశనగ పడదు, కోడిగుడ్డు పడదు. పడదంటే నచ్చదని కాదు. ఒకసారి చుట్టపుచూపుకు వచ్చినావిడ "ఒక్కటి తింటే ఏం కాదులే" అని చేతిలో బిస్కెట్టు పెట్టింది. పిల్ల పెదాలు వాచి, ఊపిరి అందక, ఆస్పత్రిలో పడుకోవలసి వచ్చింది. అప్పట్నించీ ఎక్కడికి వెళ్ళినా తల్లి సంచిలో స్టీలు డబ్బా ఉంటుంది. అందరూ పొగలు కక్కేవి తింటుంటే ఆ పిల్ల చల్లారిన డబ్బా ముందు పెట్టుకుని, పక్కవాళ్ళ పళ్ళేలు చూస్తూ తింటుంది. ఒక్కనాడూ పేచీ పెట్టలేదు. తల్లికి అదే ఎక్కువ బాధ.

ఈసారి డబ్బా తేలేదు. బయల్దేరే ముందు రిసార్టు వంటింటికి ఫోన్ చేసి పెద్ద వంటాయనతోనే మాట్లాడింది. వేరే పొయ్యి, వేరే పెనం, వేరే గరిటె అని ఆయన మాటిచ్చాడు. గుడ్డు లేకుండా పాన్‌కేకులు వేస్తానన్నాడు. ఇక ఆ పిల్ల నిద్రలో కూడా పాన్‌కేకులనే కలవరించింది.

బల్ల దగ్గర కూర్చోగానే వడ్డించే అమ్మాయి వచ్చి చిన్నదాని ముందు పసుపు జెండా ఒకటి నిలబెట్టింది.

"పాప సంగతి వంటింట్లో అందరికీ తెలుసమ్మా. పళ్ళెం మీద పసుపు మూత పెట్టి విడిగా పంపిస్తాం."

"పొయ్యి వేరేదే కదా?"

"వేరేదేనమ్మా. కావాలంటే ఆ అద్దంలోంచి చూడొచ్చు."

చూడొచ్చు అన్నాక చూడకుండా ఉండే మనిషి కాదామె. చిన్నదాని చెయ్యి పట్టుకుని వంటింటి అద్దం దగ్గరికి నడిచింది. టైలరు అప్పటికే గేటు దగ్గర చోటు పట్టడానికి పోయాడు. బల్ల దగ్గర మిగిలింది ముగ్గురు. టైలరు తల్లి, అంటే పిల్లల నానమ్మ. చిన్నదాని అన్న, అందరూ పెద్దాడని పిలిచేవాడు. పిల్లల మేనమామ, లారీ డ్రైవరు. ఈ ముగ్గురినీ ఒకచోట వదిలి వెళ్ళడమే ఆ రోజు జరిగిన మొదటి తప్పు.

"పసుపు మూత పళ్ళెం ఎవరు తెస్తారో తెలుసా?" అని వడ్డించే అమ్మాయి పెద్దాడితో మాట కలిపింది. "మా ఎలుగుబంటి. డాన్సు చేసి మరీ ఇస్తుంది."

అలర్జీ ఉన్న పిల్లలు చిన్నబుచ్చుకోకూడదని, ఎలుగుబంటి వేషం వేసిన మనిషి చేత పళ్ళెం పంపించడం ఆ రిసార్టువాళ్ళు పెట్టుకున్న పద్ధతి. మంచి పద్ధతే. మిగతా పిల్లలు చిన్నబుచ్చుకుంటారని మాత్రం ఎవరికీ తట్టలేదు.

"మరి నాకు?" అన్నాడు పెద్దాడు.

"నువ్వు అక్కడ కౌంటరు దగ్గర వరుసలో నించుని తెచ్చుకోవాలి నాన్నా."

"దానికి ఎలుగుబంటీ, నాకు వరుసా? నాకెందుకు లేదు అలర్జీ?" వాడి కింది పెదవి వణికింది.

నానమ్మకు ఒక నియమం ఉంది. ఒకరి చేతిలో ఏది పెడితే రెండోవాళ్ళ చేతిలోనూ అదే పెట్టాలి. చిన్నదానికి మందు తాగిస్తే, ఊరికే ఉండలేక పెద్దాడికి చెంచాడు తేనె నాకించే మనిషి.

"వీడిక్కూడా ఉందమ్మా," అంది.

"ఏం పడదు బామ్మగారూ?"

నానమ్మ హాలంతా కలయజూసింది. "బంగాళదుంప."

"అది కాదు నానమ్మా!" వాడు కెవ్వుమన్నాడు. బంగాళదుంపంటే వాడికి ప్రాణం. "పాలు! నాకు పాలు పడవు. రోజూ చెబుతూనే ఉన్నా, అమ్మ వింటేనా?"

మావయ్య అంతసేపూ కౌంటరు దగ్గరి వరుసనే చూస్తున్నాడు. అది ఆంజనేయుడి తోకలా అంతకంతకూ పెరుగుతోంది. మామూలుగా ఆయన అలర్జీలంటే నాజూకు రోగాలని కొట్టిపారేసే మనిషి.

"పసుపు మూతవాళ్ళు వరుసలో నిలబడక్కర్లేదా అమ్మాయ్?"

"అక్కర్లేదండీ. బల్ల దగ్గరికే వస్తుంది."

"అయితే నాకు గోధుమ. చిన్నప్పట్నించీ ఉంది. చాలా అవస్థపడ్డాను."

"ఎలాగూ వెళ్తున్నావు, నాకు కారమని చెప్పు తల్లీ," అంది నానమ్మ. "తింటే కళ్ళమ్మట నీళ్ళొస్తాయి."

ఆ వంటింట్లో ఒక కట్టుబాటు ఉంది. పసుపు జెండా పెట్టిన బల్లకి ఒక పొయ్యి, ఒక పెనం. ఆ బల్ల దగ్గర ఎవరికి ఏది పడకపోయినా అది ఆ పెనం ఛాయలకి రాకూడదు. వడ్డించే అమ్మాయి వెళ్ళి సంగతి చెప్పేసరికి పెద్ద వంటాయన పాన్‌కేకుల పిండి కలుపుతున్నాడు. ఆయన ఆగాడు. గోధుమపిండి డబ్బా పక్కకి జరిపాడు. పాలు పక్కకి జరిపాడు. బల్ల మీద మిగిలినవాటిని కాసేపు చూశాడు.

తల్లి అద్దంలోంచి ఇదంతా చూస్తూనే ఉంది. కలిపిన పిండిని పారబోయడం కూడా చూసింది. చిన్నదాన్ని వెంటబెట్టుకుని గబగబా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఉడికించిన బంగాళదుంపలు, ఆపిల్ ముక్కలు పంపిస్తారటమ్మా," అంది వడ్డించే అమ్మాయి. "అంతకు మించి వీలుకాదన్నారు."

"పాన్‌కేకులన్నారు కదా?"

"పాలు లేకుండా, గోధుమ లేకుండా పాన్‌కేకులెలా వేస్తారమ్మా? మీ ఇంట్లో ఇంకో ముగ్గురికి ఉందని ముందే చెప్పాల్సింది."

తల్లి తల తిప్పి చూసింది. నానమ్మ పైకప్పులో దీపాలు లెక్కపెడుతోంది. మావయ్య చెంచా తుడుస్తున్నాడు. పెద్దాడు బల్ల కిందికి దూరాడు. ముగ్గురూ తేలు కుట్టిన దొంగల్లా ఉన్నారు.

"బంగాళదుంపలు కూడా బాగుంటాయిలే అమ్మా," అంది చిన్నది.

ఏడ్చినా బాగుండేది. ఆ మాటతో తల్లికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అన్నయ్యా, నీకు గోధుమ పడదా? రాత్రి రొట్టెల గంప బోర్లించింది ఎవరు?"

"అందుకేనేమో, పొద్దున్నించీ పొట్ట బరువుగా ఉంది."

"అత్తయ్యా, మీకు కారం పడదా? మొన్న కూరలో కారం చాల్లేదని గిన్నె అవతలికి నెట్టలేదూ?"

"పిల్లాడు ఏడుస్తుంటే గుడ్లప్పగించి చూడమంటావా? నీ కూతురొక్కతే పిల్లా?"

తల్లి వడ్డించే అమ్మాయి వైపు తిరిగింది. "ఈ ముగ్గురిదీ అబద్ధం. చిన్నదానిదొక్కటే నిజం. పాన్‌కేకులు వెయ్యమను."

ఆ అమ్మాయి బెదిరిపోయి మేనేజరును పిలుచుకొచ్చింది. మేనేజరు అంతా ఓపిగ్గా విన్నాడు.

"చెప్పిన అలర్జీ వెనక్కి తీసుకోవడం మా దగ్గర లేదమ్మా. ఒకాయన ఇలాగే, తమాషాకన్నానని చెప్పి ఐస్‌క్రీం తిన్నాడు. తమాషా కాదని తర్వాత తెలిసింది."

ఆయన జేబులోంచి పసుపు పట్టీలు తీసి ముగ్గురి మణికట్టుకీ బిగించాడు. పాలు, గోధుమ, కారం అని దేనికది రాసి మరీ బిగించాడు. గది ఖాళీ చేసేదాకా అవి ఊడవట. చిన్నదానికీ ఒకటి బిగించబోతూ ఆగాడు.

"ఇంతకీ ఈ పాపదైనా నిజమేనా? ఎలుగుబంటి కోసం చాలామంది చెబుతుంటారు."

ఇన్నాళ్ళూ తల్లి వేరుశనగ కంటే ఎక్కువగా భయపడింది ఈ మాటకే. బిస్కెట్టు పెట్టిన ఆవిడ కూడా చెడ్డది కాదు. నమ్మలేదు, అంతే. ఆమె సంచిలో చెయ్యి పెట్టి సూదిమందు తీసి బల్ల మీద ఉంచింది.

"పిల్లకి ఊపిరి ఆగితే తొడలో పొడవాల్సిన మందండీ ఇది. పడుకున్నా తలగడ కిందే పెట్టుకుంటాను. మీ ఎలుగుబంటి కోసమేనంటారా?"

మేనేజరు చిన్నదానికీ పట్టీ బిగించి, టై సర్దుకున్నాడు. "తప్పుగా అనుకోకండమ్మా. కానీ బల్లకి ఒక్క పెనమే..."

"అయితే ఈ ముగ్గురినీ వేరే బల్లకి మార్చండి."

"అందరూ ఒకే కుటుంబం కదమ్మా?"

"ఫలహారం అయ్యేదాకా కాదు."

ముగ్గురూ స్తంభం పక్కన వేరే బల్లకి చేరారు. కాసేపటికి ఎలుగుబంటి వచ్చింది. పసుపు మూతలు ఎత్తింది. కింద ఉడికిన బంగాళదుంపలున్నాయి. ఉప్పు కూడా లేదు, ఎందుకైనా మంచిదని వంటాయన మానేశాడు. అయినా పెద్దాడు ఎలుగుబంటిని కావలించుకున్నాడు. మావయ్య ఫోటో దిగాడు. నానమ్మ దాని భుజం తట్టి, "ఈ బొచ్చులో ఉక్కపోయడం లేదూ నాయనా?" అని అడిగింది.

తర్వాత ఎలుగుబంటి హాలంతా తిరిగి పిల్లలందరికీ కరచాలనం చేసింది. కిటికీ దగ్గర కూర్చున్న ఒక బొద్దుపిల్లవాడు పీనట్ బటర్, అంటే వేరుశనగ వెన్న, రాసిన బ్రెడ్డు తింటున్నాడు. వాడు ఎలుగుబంటి పంజాని రెండు చేతులా పట్టుకుని ఊపి, జిడ్డంతా దాని బొచ్చుకి తుడిచాడు. ఎలుగుబంటి అదే పంజాతో వంటింటి గుమ్మం దగ్గర చిన్నదాని పళ్ళెం అందుకుంది. పసుపు మూత కాస్త జారి, పాన్‌కేకుల అంచుమీద ఒక వేలు ఆనింది కూడా.

తల్లి చూసింది. లేచి నిలబడింది.

"అక్కడే ఆగు!"

ఎలుగుబంటి తలకాయ లోపల బయటి మాట సరిగా వినపడదు. ఆవిడ చేతులు ఊపుతోంది కాబట్టి ఆటకి సిద్ధమైందనుకున్నాడు లోపలి మనిషి. నడుము తిప్పుతూ ముందుకొచ్చాడు. తల్లి కుర్చీ ఎత్తింది. ఎలుగుబంటి కుడికి ఒరిగింది, ఆవిడ కుడికి అడ్డం వచ్చింది. ఎడమకి ఒరిగింది, ఎడమకి వచ్చింది. హాల్లో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. కౌంటరు దగ్గరి వరుస చెదిరిపోయి అందరూ చుట్టూ మూగారు. కొందరు పిల్లల్ని భుజాలకెత్తుకున్నారు.

గేటు తీశారు, మీరింకా రాలేదేమని కేకలేసుకుంటూ టైలరు వచ్చింది సరిగ్గా అప్పుడే. భార్య కుర్చీతో ఎలుగుబంటిని గోడకి నొక్కుతోంది. తన తల్లీ, కొడుకూ, బావమరిదీ వేరే బల్ల దగ్గర చప్పిడి దుంపలు తింటున్నారు.

"ఏమైంది?" అన్నాడు.

"కూర్చో బావా," అన్నాడు లారీ డ్రైవరు కుర్చీ జరిపి. "ఇంకా ఉంది."

"పళ్ళెం అక్కడ పెట్టు! చేతులు పైకెత్తు!" అంది తల్లి.

ఆ మాట మాత్రం లోపలికి వినపడింది. ఎలుగుబంటి పళ్ళెం కింద పెట్టి రెండు పంజాలూ పైకెత్తింది. హాలు దద్దరిల్లింది. పెద్ద వంటాయన గరిటెతో సహా పరుగెత్తుకొచ్చాడు. తల్లి వేలితో పంజా చూపించింది. వంటాయన వంగి వాసన చూశాడు. వేరుశనగ వాసనే. వెంటనే ఆ పళ్ళెం తీసుకుపోయి చెత్తలో పోశాడు. చేతులు కడిగి, కొత్త పెనం పెట్టి, మళ్ళీ పిండి కలిపి, మళ్ళీ వేసి, తనే స్వయంగా తెచ్చి పెట్టి, ఆ పిల్ల తినేదాకా పక్కనే నిలబడ్డాడు.

చిన్నది మొదటి ముక్క నోట్లో పెట్టుకుని హా హా అంది. తల్లి చటుక్కున సంచి మీద చెయ్యి వేసింది.

"కాలింది," అంది చిన్నది, సంబరంగా.

ఆ తర్వాత పార్కులో ఏ కొట్టు దగ్గరికి వెళ్ళినా మొదట పట్టీలు చూశారు. చిన్నదాని పట్టీ చూసి, ఇది తినొచ్చు, ఇది వద్దని చూపించి, మొక్కజొన్న పేలాలిచ్చారు, పండ్లరసం ఇచ్చారు. మావయ్యకి బన్ను ఇవ్వలేదు. నానమ్మకి కారం చల్లిన మొక్కజొన్న ఇవ్వలేదు. ఐస్‌క్రీం బండివాడు చిన్నదానికి గుడ్డు లేనిది వెతికి పెద్దది చుట్టిచ్చి, పెద్దాడి చెయ్యి చూసి బండి మూత వేసేశాడు.

"వీడికేం లేదు నాయనా, నేనే అబద్ధం చెప్పాను," అని నానమ్మ బతిమాలింది.

"నానమ్మలందరూ ఇదే అంటారండీ," అన్నాడు బండివాడు.

పెద్దాడు బెంచీ మీద చెల్లెలి పక్కన కూలబడి, ఐస్‌క్రీం వంక గుటకలు మింగుతూ చూశాడు. చిన్నది ఒక్క క్షణం జాలిపడింది.

"చూస్తూ కూర్చో అన్నయ్యా. కొన్నాళ్ళకి అలవాటైపోతుంది."

మర్నాడు ఫలహారాల వేళకి హాలు కిటకిటలాడింది. కుర్చీ ఆవిడ ఆట ఎప్పుడు మొదలవుతుందని కొందరు మేనేజరును అడిగారు. ఎలుగుబంటి మాత్రం చేతులు కడుక్కుని వచ్చింది.