పైపు పగిలిందా? చివరిదాకా చదవండి

నీటి సరఫరా బోర్డు ఛైర్మన్ గారు సోమవారం పొద్దున మీటింగు హాల్లో మైకు ముందు నిలబడి ఒక చారిత్రక ప్రకటన చేశారు. ఇకమీదట మన బోర్డు నీటి రంగంలోనే కాదు, ఇంటర్నెట్ రంగంలో కూడా అగ్రస్థానంలో ఉంటుందన్నారు. నీటి రంగంలో ఎప్పటినుంచి అగ్రస్థానంలో ఉన్నామని ఎవరూ అడగలేదు. ఆ హాల్లో అడిగే అలవాటు లేదు.

"ప్రపంచంలో ఏ మూల నుంచి ఎవరు సెర్చ్ కొట్టినా సరే, మన బోర్డు బ్లాగే మొదట రావాలి!" అని బల్ల గుద్దారు. బల్ల మీది మంచినీళ్ల గ్లాసు ఒలికిపోయింది. అవి బయట కొన్న సీసాలోని నీళ్లు గనక బోర్డుకు నష్టమేమీ రాలేదు.

వెనక వరసలో కూర్చున్న ఆపరేటరమ్మ అందరితోపాటు చప్పట్లు కొట్టింది. ఆమెది ఫిర్యాదుల విభాగం. విభాగం అంటే మరేం లేదు, మెట్ల కింద చిన్న గది, అందులో ఒక బల్ల, బల్ల మీద ఒక నల్ల ఫోను, ఫోను పక్కన ఆమె. పైపు పగిలినవాళ్లు ఫోన్ చేస్తారు. ఆమె చీటీ రాస్తుంది. చీటీ పట్టుకుని మేస్త్రీ వెళ్తాడు. చీటీ లేకపోతే మేస్త్రీ కాలు కదపడు, అది ఛైర్మన్ గారు పెట్టిన రూలు.

నిజానికి ఆ బ్లాగు మొదలుపెట్టింది ఆమే. ఎప్పుడో తీరిక దొరికినప్పుడు రెండే రెండు ముక్కలు రాసి పెట్టింది. 'పైపు పగిలితే ఈ నంబరుకు ఫోన్ చేయండి. మీది ఏ వీధో చెప్పండి.' కింద నంబరు. అంతే. అది అప్పటికే సెర్చ్‌లో మొదట వస్తోంది. ఆ సంగతి పైపు పగిలినవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

ఈ మహత్కార్యానికి కన్సల్టెంటుగా ఛైర్మన్ గారి బావమరిదిని నియమించారు. కిట్టనివాళ్లు ఏవేవో అన్నారుగానీ, ఎంపిక చాలా పద్ధతిగా జరిగింది. దరఖాస్తు పెట్టుకున్నవాళ్లందరిలోనూ ఛైర్మన్ గారి బావమరిది ఆయనొక్కడే. అంతకుముందు ఆయన టైల్స్ షాపు నడిపేవాడు. షాపు మూతపడ్డాక ఎస్.ఈ.ఓ. నేర్చుకున్నాడు. అంటే, సెర్చ్‌లో బ్లాగును పైకి ఎలా తేవాలో చెప్పే వీడియోలు చూశాడు. నోరు తెరిస్తే 'కీవర్డు' అంటాడని ఆఫీసులో ఆయనకు కీవర్డు బాబు అని పేరు పడింది.

కీవర్డు బాబు వచ్చిన రోజే లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఛైర్మన్ గారి గదిలోకి పరుగెత్తాడు. ఆపరేటరమ్మనూ పిలిపించారు.

"ఘోరం బావా! జనం మన పేజీకి వస్తున్నారు, క్షణంలో వెళ్లిపోతున్నారు. దీన్ని బౌన్స్ అంటారు."

ఛైర్మన్ గారి ముఖం మాడిపోయింది. "వెళ్లిపోతున్నారా? నా ఫోటో కూడా చూడకుండా?"

"నీ ఫోటో లేదు బావా ఆ పేజీలో."

ఛైర్మన్ గారు లాప్‌టాప్ తనవైపు తిప్పుకుని, పేజీ పైనుంచి కిందిదాకా స్వయంగా వెతికి చూసుకున్నారు.

"నంబరు కనబడగానే వెళ్లిపోతున్నారు," అన్నాడు కీవర్డు బాబు.

ఛైర్మన్ గారు ఆపరేటరమ్మ వైపు తిరిగారు. "ఏమ్మా, నంబరు మొదట్లోనే పెట్టేశావా?"

"అవును సార్. వాళ్లకు కావలసింది అదే కదా అని."

"ఎంత అమాయకురాలివమ్మా! కావలసింది గుమ్మంలోనే చేతిలో పెడితే లోపలికి ఎవరొస్తారు? నేను ఇన్నేళ్లుగా రాజకీయాల్లో ఉన్నాను. ఒక్కసారైనా అలా చేశానా?"

లేదని ఆమె ఒప్పుకుంది. ఆ విషయంలో ఆయనను వేలెత్తి చూపడానికి లేదు.

వారం తిరిగేసరికి కొత్త బ్లాగు తయారైంది. కీవర్డు బాబు ఆపరేటరమ్మ చేత బిగ్గరగా చదివించాడు. 'పైపు పగిలిందా? పైపు పగిలితే పగిలిన పైపు గురించి కంగారు పడకండి. పగిలిన పైపు అంటే పగలని పైపు కానిది. పైపు ఎందుకు పగులుతుంది? పైపు పగలడానికి ముందు పైపు ఎలా ఉంటుంది? పైపు పగిలినవారు తెలుసుకోవలసిన పైపు రహస్యాలు.'

"పైపు అనే మాట కొంచెం ఎక్కువైనట్టుందండీ," అంది ఆపరేటరమ్మ.

"కీవర్డమ్మా అది. ఎంత దట్టిస్తే అంత పైకి."

తరవాత ఛైర్మన్ గారి బాల్యం వస్తుంది. చిన్నతనంలో ఆయన బిందె మోశారు. బిందె బరువు, బిందె సొట్ట, ఆ సొట్ట నేర్పిన పాఠం. ఆ తరవాత బడి, ఒక్కో క్లాసుకు ఒక్కో అధ్యాయం. మధ్యమధ్యలో 'నంబరు కోసం తరవాతి భాగం చదవండి' అని నీలం అక్షరాలు. ప్రతి పేరాలోనూ ఛైర్మన్ గారి పేరు పక్కన 'పగిలిన పైపు' అని ఉండేలా కీవర్డు బాబు ఎంతో శ్రద్ధ తీసుకున్నాడు. దాని ఫలితం వెంటనే కనిపించింది. ఎవరైనా సెర్చ్‌లో 'పగిలిన' అని కొట్టగానే ఛైర్మన్ గారి ఫోటో రావడం మొదలైంది.

ఛైర్మన్ గారి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. కానీ ఆయన అల్పసంతోషి కాదు. "మొదటి స్థానం సరేగానీ, దాని కింద ఈ ప్లంబర్లు ఎవరయ్యా? మన పేరు కింద నిలబడి వ్యాపారం చేసుకుంటారా? పదికి పది స్థానాలూ మనకే కావాలి."

కీవర్డు బాబు ఇంకో తొమ్మిది బ్లాగులు పెట్టాడు. బిందె అన్నిట్లోనూ అదే. ఊరి ప్లంబర్లు ఎవరికీ దొరకనంత కిందికి వెళ్లిపోయారు.

అప్పుడే ఆపరేటరమ్మ ఫోను మూగబోయింది. మొదట చెడిపోయిందనుకుంది. రిసీవరు ఎత్తి చూస్తే చక్కగా గుయ్యిమంటోంది. తన సెల్లు నుంచి చేసి చూస్తే గణగణా మోగింది. ఫోనుకు ఏ రోగమూ లేదు.

ఫిర్యాదులు మాత్రం ఇంటికి రావడం మొదలుపెట్టాయి. సాయంత్రం ఆమె గుమ్మం చేరేసరికి మెట్ల మీద జనం. ఒకావిడ, తమ వీధిలో పైపు పగిలి నీళ్లన్నీ కాలవలో కలుస్తున్నాయి, ఇంట్లో చుక్క రావడం లేదు అంటుంది. పక్కింటాయన ఖాళీ బకెట్టు చూపించి, అది ఆమే ఖాళీ చేసినట్టు నిలదీస్తాడు.

"మా కోడలు ఆఫీసులో విశ్రాంతి తీసుకుని, ఇంటికొచ్చి ఉద్యోగం చేస్తోందర్రా," అంది అత్తగారు అందరికీ కుర్చీలు వేస్తూ.

ఆపరేటరమ్మ వాళ్లందరికీ ఆఫీసు నంబరు చెప్పింది. మర్నాడు ఫోను మోగింది. మళ్లీ మోగింది. ఆమె ప్రాణం లేచివచ్చి చీటీలు రాసింది. కీవర్డు బాబు ప్రాణం మాత్రం పోయినంత పనైంది.

"బావా! బ్లాగు చదవకుండానే ఫోన్ చేస్తున్నారు! నంబరు లీకైంది!"

ఊరంతా లీకులే అయినా ఛైర్మన్ గారు స్వయంగా విచారణకు దిగిన లీకు మాత్రం అదొక్కటే. ఆ సాయంత్రమే మెమో వచ్చింది. నంబరు మార్చడమైనదనీ, సదరు కొత్త నంబరు గోప్యమైనదనీ, బ్లాగు పూర్తిగా చదివి అర్హత సంపాదించినవారికి తప్ప ఇతరులకు తెలియజేయడం క్రమశిక్షణ ఉల్లంఘన అనీ. ఆపరేటరమ్మ నోరు కుట్టేసుకుంది. మరుసటి నెలలో ఒక్క ఫోను రాలేదు. ఒక్కటంటే ఒక్కటి.

నెలాఖరుకు ఛైర్మన్ గారు మరో చారిత్రక ప్రకటన చేశారు. ఊళ్లో ఫిర్యాదులు సున్నా. ఈ సున్నాను సాధించడానికి ఇంతకుముందు ఎందరో ప్రయత్నించి విఫలమయ్యారు. వాళ్లంతా పైపులు బాగుచేస్తూ కాలం వృథా చేసుకున్నారు. సున్నా సందర్భంగా సభ పెట్టారు. సభతోపాటు ఇంకో కాగితం కూడా వచ్చింది. ఫిర్యాదులు లేనందున ఫిర్యాదుల విభాగం అనవసరం, సభ జరిగే రోజు సాయంత్రంతో ఆపరేటరు పోస్టు రద్దు.

ఆపరేటరమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివింది. ఇంట్లో ఉద్యోగమన్నది ఆమె ఒక్కతికే ఉంది. భర్త పని ఊడి ఏడాది కావస్తోంది. పరుగున ఛైర్మన్ గారి గదికి వెళ్లింది.

"సార్, నా ఉద్యోగం తీసేయకండి సార్. ఇల్లంతా దీనిమీదే నడుస్తోంది."

ఛైర్మన్ గారి కళ్లు చెమర్చాయి. "నీ రుణం తీర్చుకోలేనమ్మా. నువ్వే లేకపోతే ఈ సున్నా వచ్చేదా?" అని, కళ్లు తుడుచుకుని, సంతకం పెట్టారు. "సున్నా వచ్చాక మరి నువ్వెందుకు?"

సభ రోజు హాలు కిటకిటలాడింది. పత్రికలవాళ్లు ముందే వచ్చి మంచి కుర్చీలు పట్టుకున్నారు. వేదిక మీద ఒక బల్ల, దాని మీద మెట్ల కింద గది నుంచి తీగతో సహా లాక్కొచ్చిన ఆ నల్ల ఫోను. ఫోనుకు ఎర్ర రిబ్బను కట్టారు. ఛైర్మన్ గారు వచ్చి కత్తెరతో దాని తీగ కత్తిరిస్తారు. తరవాత దాన్ని అద్దాల పెట్టెలో పెడతారు. ఫోను పక్కన కుర్చీలో ఆపరేటరమ్మను కూడా కూర్చోబెట్టారు. ఆమెకు రిబ్బను కట్టలేదు.

ఛైర్మన్ గారు ఎంతకీ రారే! కీవర్డు బాబు జనాన్ని కూర్చోబెట్టడానికి పెద్ద తెర మీద బ్లాగు లెక్కలు చూపించాడు. తెర మీద ఒకే ఒక్క పచ్చ చుక్క మెరుస్తోంది.

"చూడండి! ఈ చుక్క ఈ ఊరివాడే ఎవరో మహానుభావుడు. పొద్దుటి నుంచి మన బ్లాగు వదలకుండా చదువుతున్నాడు. ఒక్క భాగం కూడా మానలేదు. ఇదీ పాఠకుడంటే!" అని తెరకు దణ్ణం పెట్టాడు. జేబులో సెల్లు వణికితే తీసి చూసి, "బావ. స్పీచి గురించి అడుగుతాడు," అని కట్ చేశాడు. మళ్లీ వణికితే మళ్లీ కట్ చేసి, సభా మర్యాద కోసం సెల్లే ఆపేశాడు.

జనం చప్పట్లు కొడుతుండగా తెర మీద పచ్చ చుక్క ఆరిపోయింది. బల్ల మీద నల్ల ఫోను మోగింది.

ఆపరేటరమ్మ చెయ్యి అలవాటు కొద్దీ రిసీవరు అందుకుంది.

"అమ్మా! దొరికిందమ్మా నంబరు!" ఛైర్మన్ గారి గొంతు. వెనక జలజలమని ఒకటే హోరు. "మా ఇంట్లో పైపు పగిలింది. వీధి పైపు లోపలికి వచ్చే చోటే. వాల్వు దానికి ఇవతల ఉండిపోయింది, కట్టేసినా నీళ్లు ఆగడం లేదు. మేస్త్రీని పంపు, త్వరగా!"

"చీటీ రాయమంటారా సార్?" అంది ఆమె, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"రాయమ్మా, రాయి!"

"రాస్తే సున్నా ఒకటవుతుంది సార్. పత్రికలవాళ్లు ముందు వరసలోనే ఉన్నారు."

హోరు ఇంకాస్త పెరిగింది. "రేపటి తేదీ వెయ్యి," అన్నారు ఛైర్మన్ గారు.

"రేపు నేనుండను సార్. మీరే సంతకం పెట్టారు."

"ఏమండీ! ఫ్రిజ్జు కదులుతోంది!" అని వెనక నుంచి వాళ్లావిడ కేక.

"ఉండమ్మా తల్లీ. రేపూ ఉండు, ఎల్లుండీ ఉండు, నీ ఇష్టమొచ్చినన్నాళ్లు ఉండు."

"నోటిమాట నా ఒక్కదానికి చెబితే ఎలా సార్? ఇక్కడ మైకుంది."

కీవర్డు బాబు పరుగెత్తుకొచ్చాడు. "ఎవరు? ఎవరు ఫిర్యాదు?"

"ఫిర్యాదు కాదండీ. ఛైర్మన్ గారు. ప్రజలకు సందేశం ఇస్తారట."

మైకు రిసీవరు దగ్గర పెట్టారు. ఛైర్మన్ గారి గొంతు హాలంతా మోగింది. "ప్రజలారా! ఈ రోజుకు మన ఊళ్లో ఫిర్యాదులు సున్నా. ఈ సున్నాకు కారణమైన ఆపరేటరమ్మ పోస్టు రద్దును రద్దు చేస్తున్నాను. ఆమె శాశ్వతంగా ఉంటుంది... కుర్చీ ఎక్కవే, కుర్చీ ఎక్కు... సెలవు!" తేదీ రేపటిదైతే మేస్త్రీ వచ్చేదీ రేపే. ఆ సంగతి తెలిసి కూడా ఆయన సున్నాను వదులుకోలేదు. ప్రజల కోసం రాత్రంతా మోకాలి లోతు నీళ్లలో నిలబడే నాయకులు ఈ రోజుల్లో ఎంతమంది ఉన్నారు?

హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ చెవులు రిక్కించి స్పీకర్ల వైపు చూస్తున్నారు. జలజల జలజల. ముందు వరసలోంచి ఒక ముసలాయన మెల్లగా లేచాడు.

"అమ్మాయీ, అది నీళ్ల చప్పుడే కదూ?"

"అవును తాతగారూ."

"ఎన్నాళ్లయిందమ్మా ఆ చప్పుడు విని! ఏ వీధిలో వస్తున్నాయి?"

కీవర్డు బాబు మైకు లాక్కున్నాడు. "ఆ వివరాలన్నీ బ్లాగులో ఉన్నాయి పెద్దాయనా. చివరిదాకా చదవండి."

"చదువుతూనే ఉన్నానయ్యా," అన్నాడు ముసలాయన. "నిన్న పొద్దున మొదలుపెట్టాను. మీ బావగారు ఇంకా ఐదో క్లాసులోనే ఉన్నారు."

ఆపరేటరమ్మ రిసీవరు పెట్టేసి, రిబ్బను ఊడదీసి, చీటీల పుస్తకం ముందుకు లాక్కుంది. "మీది ఏ వీధో చెప్పండి తాతగారూ. రేపటి తేదీతో రాస్తాను."

ఆయన చెప్పాడు. ఆయన వెనక ఇంకొకరు లేచారు. ఆ వెనక ఇంకొకరు. చూస్తుండగానే వరస హాలు దాటి, మెట్లు దిగి, వీధిలోకి వెళ్లింది. ఎంత పెద్ద వరసైనా, రేపటి చీటీల్లో మొదటి స్థానం మాత్రం ఛైర్మన్ గారిదే.