అడగకుండా ఎక్కించిన సామాను

ఆ ఉదయం నిశ్శబ్దరావు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఇల్లు మారడానికి లారీ పొద్దున్నే వస్తుంది. కూలీలు సామాను ఎక్కిస్తుంటే తాను చిన్నగదిలో తలుపేసుకుని, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కమిటీ సమావేశం ముగించేస్తాడు. మధ్యాహ్నం భోజనం కొత్తింట్లో. ఒక్క పూటలో ఇల్లూ మారుతుంది, కంప్యూటర్ల ప్రపంచమూ మారుతుంది.

నిశ్శబ్దరావు అసలు పేరు కాదు, కమిటీవాళ్లు పెట్టిన పేరు. మనిషి మాత్రం నోరు మూసుకోవడం ఎరగడు. కంప్యూటర్లో బొమ్మలూ బటన్లూ లేని నల్లటి తెర ఒకటుంటుంది. అందులో ఆదేశం టైపు చేస్తే యంత్రం ఆ పని చేసి పెడుతుంది. చిక్కేమిటంటే, ఒక కంపెనీ యంత్రంలో ఒకలా నడిచే ఆదేశం ఇంకో కంపెనీ యంత్రంలో ఇంకోలా నడుస్తుంది. అన్నిట్లోనూ ఒకేలా నడిచేట్టు ఒక ప్రమాణం రాయాలని ఆ కమిటీ మూడేళ్లుగా కూర్చుంది. పదహారు నియమాలు ఎలాగో తేలాయి. పదిహేడోది మాత్రం పీటముడి పడింది. ఫైళ్లను చెరిపేసే ఆదేశం, చెరిపే ముందు "ఖాయమేనా?" అని మనిషిని అడగాలా, అక్కర్లేదా?

అక్కర్లేదని నిశ్శబ్దరావు పట్టు. "చెప్పిన పని చెయ్యాలి, నోరెత్తకూడదు. మేకు కొట్టే ముందు సుత్తి మనల్ని అడుగుతుందా?" అనేవాడు. ఆసుపత్రి కంప్యూటర్లు చూసే ఒకావిడ మాత్రం అడిగి తీరాలనేది. ఎవరో తొందరలో కొట్టిన ఒక్క ఆదేశానికి ఒక వార్డు రోగుల వివరాలన్నీ గాలికి పోవడం ఆవిడ కళ్లారా చూసింది. ఈ పూట తేలకపోతే ప్రమాణం అటకెక్కినట్టే. దాని మొదటి పేజీలో సంపాదకుడిగా నిశ్శబ్దరావు పేరు పడాలి. పాపం, అందుకే మనిషికి కాలు ఒకచోట నిలవడం లేదు.

భార్య కొత్తింటి తాళాలు పట్టుకుని ముందుగా బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది.

"కూలీలు ఏదైనా అడిగితే విసుక్కోకుండా చెప్పండి. నాన్న స్నానానికి వెళ్లారు. ఆయన బట్టలు మంచం మీద పెట్టాను, వాటిని ముట్టుకోనివ్వకండి. వరండాలో సైకిలు పక్కింటి మాస్టారిది, మనది కాదు. వింటున్నారా?"

"వింటూనే ఉన్నానే. ఖాయమేనా అని నువ్వు కూడా మొదలుపెట్టకు" అన్నాడు తెర మీంచి కళ్లు తియ్యకుండా. అతగాడు విన్నది 'కూలీలు' అన్న మాట వరకే.

సమావేశం మొదలైందో లేదో, కూలీల మేస్త్రి తలుపు తట్టాడు. "సార్, ఈ అద్దం బీరువాతోపాటు పెట్టమంటారా, విడిగానా?" చెప్పి పంపాడు. కాసేపటికి మళ్లీ తట్టాడు. "సార్, ఈ డబ్బాలో ఏముందో కాస్త చెప్తారా?" అదీ చెప్పాడు. మూడోసారి తట్టేసరికి అవతల ఆసుపత్రి ఆవిడ మాట్లాడుతోంది, ఇవతల నిశ్శబ్దరావుకి ఒళ్లు మండిపోతోంది.

"చూడు మేస్త్రీ, నన్నింకేమీ అడగొద్దు. కనబడ్డవన్నీ ఎక్కించెయ్. పనైపోతే నీ దారిన నువ్వెళ్లిపో. తేడా వస్తేనే చెప్పు."

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. గరిటెకీ గరిటెకీ మధ్య కాగితం పెట్టించే ఇంటివాళ్ల దగ్గర పనిచేసి విసిగిన మనిషి మరి. ఇలాంటి యజమాని దొరకడం అదృష్టమనుకుని కూలీలను కేకేశాడు.

తన వంతు రాగానే నిశ్శబ్దరావు అందుకున్నాడు. సుత్తి నుంచి మొదలుపెట్టి నాగరికత దాకా వెళ్లాడు. ఎవరూ అడ్డు తగల్లేదు. కళ్లార్పకుండా వింటున్నారు. మూడేళ్లలో ఇంత శ్రద్ధగా తన మాట విన్నది లేదు కదా అని ఉత్సాహం పుట్టి ఇంకాస్త సాగదీశాడు. చివరికి గమనించాడు, తెర మీద కమిటీ అధ్యక్షురాలు ఆవలింత కోసం తెరిచిన నోరు ఇంకా మూయలేదు.

ఇంటర్నెట్ పోయింది. తలుపు తీసి చూస్తే హాల్లో ఏమీ లేదు. ఇంటర్నెట్ డబ్బా ఉన్నచోట దుమ్ము మధ్య నాలుగు పలకల గుర్తు మాత్రం మిగిలింది. ఫ్రిజ్ మీద చార్జింగుకి పెట్టిన ఫోను లేదు. అసలు ఫ్రిజ్జే లేదు.

స్నానాల గది తలుపు కొంచెం తెరుచుకుంది. "అల్లుడుగారూ, మంచం మీద నా బట్టలున్నాయి, కాస్త అందిస్తారా?"

"మంచం లేదండీ, మామగారూ."

"మంచం లేకపోవడమేమిటి? మరి కూలీలు మిమ్మల్ని అడగలేదా?"

"అడగొద్దని నేనే చెప్పానండీ" అన్నాడు నిశ్శబ్దరావు. జీవితంలో అంత చిన్నగా అతను ఎప్పుడూ మాట్లాడలేదు. మామగారు తువ్వాలు బిగించుకుని తలుపు వేసుకున్నారు.

ఈలోగా పక్కింటి లెక్కల మాస్టారు గుమ్మంలోకి వచ్చాడు. "నా సైకిలేదండీ? చెప్పుల స్టాండు కూడా కనబడదే?" సంగతి విని ఆయన తిట్టలేదు. లారీని పట్టుకుందామని నేరుగా వెళ్లి స్కూటర్ తీశాడు. దాంతో నిశ్శబ్దరావుకి ఇంకా భయమేసింది. మాస్టారి ఫోన్లోంచి తన ఫోనుకి కొట్టి చూశాడు. అది లారీలో ఏ పెట్టె అడుగున మోగిందో, ఎవరూ ఎత్తలేదు.

స్కూటర్ వెనక కూర్చుని, ఒక చేత్తో మాస్టారి భుజం పట్టుకుని, రెండో చేత్తో ఆయన ఫోన్లోనే సమావేశంలోకి దూరాడు. సందులో ప్రతి గుంతా వెన్నుపూసకి తెలుస్తోంది.

"వచ్చారా? మీకో శుభవార్త" అంది అధ్యక్షురాలు. "మీ నియమమే నెగ్గింది. అడగక్కర్లేదని అందరూ ఒప్పుకున్నారు."

"ఆసుపత్రి ఆవిడ కూడానా?"

"నేను కూడా" అంది ఆవిడ. "మూడేళ్లలో మీరు సగంలో మాట ఆపేసి ఊరుకోవడం ఇదే మొదటిసారి. నోరెత్తకూడదన్న మాట ముందు మీరే పాటించి చూపించారని నమ్మకం కుదిరింది. నా అభ్యంతరం వెనక్కి తీసుకున్నాను."

నిశ్శబ్దరావు గుండె గాల్లో తేలింది. సరిగ్గా అప్పుడే సిగ్నల్ దగ్గర లారీ కనబడింది. పైన మాస్టారి సైకిలుకి చేరగిలబడి మేస్త్రి హాయిగా గాలి పీల్చుకుంటున్నాడు.

"పక్కింటివాళ్ల సామాను కూడా ఎక్కిస్తావా? నన్నొక్క మాట అడగొచ్చు కదయ్యా" అని అరిచాడు నిశ్శబ్దరావు.

"అడగొద్దన్నారు కద సార్. తేడా వస్తే చెప్పమన్నారు. ఏ తేడా రాలేదు."

"మా మామగారు తువ్వాలుతో ఉన్నారక్కడ."

"ఆయన కనబడలేదు సార్. కనబడితే ఎక్కించేవాళ్లమే."

ఫోన్లో కమిటీ మొత్తం గప్‌చుప్‌గా వింటోంది. చివరికి అధ్యక్షురాలు గొంతు సవరించుకుంది. "ఎవరికైనా అభ్యంతరముందా? మాట్లాడనివాళ్లు ఒప్పుకున్నట్టే. ముగించమంటారా, సంపాదకుడుగారూ?"

నోరు మూసుకుంటే చాలు, గెలుపు చేతికొస్తుంది. నిశ్శబ్దరావుకి మామగారి తువ్వాలు కళ్లముందు ఆడింది. భార్య పొద్దున చెప్పిన మాటలు ఒక్కొక్కటే ఇప్పుడు చెవికెక్కాయి. మూడేళ్లుగా ఆసుపత్రి ఆవిడ చెబుతున్న ఆ వార్డు సంగతి కూడా మొదటిసారి బుర్రకెక్కింది. సిగ్గేసింది.

"నాకు అభ్యంతరముంది" అన్నాడు.

"మీ నియమం మీదా?"

"నా నియమం మీదే. అడగాలి. అడిగే చెయ్యాలి. అడగొద్దనుకున్నవాడు ఆ ముక్క ఆదేశంలోనే విడిగా రాసుకోవాలి, తర్వాత వాడి ఖర్మ."

అవతల ఆసుపత్రి ఆవిడ అడిగింది. "ఖాయమేనా?"

"ఖాయమండీ" అన్నాడు నిశ్శబ్దరావు. ఆవిడ నవ్వింది. ఎవరూ కాదనలేదు. పదిహేడో నియమం ఆ సిగ్నల్ దగ్గరే గట్టెక్కింది.

పచ్చదీపం పడింది. ఆ ఊపులోనే నిశ్శబ్దరావు మేస్త్రికి కూడా కొత్త నియమం చెప్పేశాడు, ఇకమీదట ఏది ముట్టుకున్నా తనని అడగకుండా ముట్టుకోకూడదని. మేస్త్రి తల ఊపాడు. చెప్పిన మాట జవదాటే రకం కాదతను.

కొత్తింటి ముందు లారీ ఆగింది. దాని వెనక తలుపు తీసిన మేస్త్రి ఒక స్టూలు పట్టుకుని నిలబడ్డాడు. "ఇది దింపమంటారా, సార్?"

"దింపు."

"ఖాయమేనా, సార్?"

భార్య మెట్లు దిగి వచ్చి లారీ వైపు, స్కూటర్ వైపు, మాస్టారి వైపు చూసింది. "నాన్నేరీ?" అంది. నిశ్శబ్దరావు నడుముకి తువ్వాలు చుట్టుకుంటున్నట్టు సైగ చేశాడు. ఆవిడ సంగతి గ్రహించి మేస్త్రిని అడిగింది, మంచం మీద ఉన్న బట్టలు ఎక్కడ పెట్టారని.

అన్నిటికంటే ముందు ఎక్కించింది వాటినేనని, కాబట్టి అన్నిటికంటే చివర దిగుతాయని మేస్త్రి వినయంగా చెప్పి, రెండో స్టూలు చేతిలోకి తీసుకుని నిశ్శబ్దరావు వైపు చూశాడు.