పోర్ట్ అంటే మా ఆవిడ పక్క

మా ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. పొద్దున ఆరింటి నుంచీ స్టీరింగు ఎవరెవరి చేతుల్లోనో ఉంటుంది; ప్రాణం మాత్రం తన కాలికింద ఉన్న రెండో బ్రేకులో ఉంటుంది. ఇంటికొచ్చాక కూడా ఆ కాలు ఊరుకోదు. టీవీలో కారు మలుపు తిరిగితే నేలని తొక్కుతుంది. నిద్రలోనూ బ్రేకు వేస్తుంది. అప్పుడు పెడలు నా పిక్క.

నాకు డ్రైవింగ్ రాదు. రెండుసార్లు ఆవిడే నేర్పబోయింది. రెండోసారి దిగి, కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసుకుని, "మీకు నడకే బాగుంటుందండీ," అంది.

అందుకని ఎక్కడికెళ్ళినా ఆవిడే తీసుకెళ్తుంది. ఒక్క గంటైనా ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చోవాలి, నేను తీసుకెళ్ళాలి. ఇదీ నా కోరిక. కారుతో కుదరదు కాబట్టి పడవ అనుకున్నాను.

ఊరి బయట సరస్సు దగ్గర ఒక క్లబ్బు ఉంది. తెరచాప పడవ గంటకి అద్దెకిస్తారు. ఒకటే షరతు. ఎక్కేవాళ్ళలో ఒక్కరైనా పడవ భాషలో నోటి పరీక్ష పాసవ్వాలి. దానికి నలభై పేజీల పుస్తకం చేతిలో పెట్టారు. ఆవిడ పుట్టినరోజుకి ఇంకా మూడు వారాలుంది. రహస్యంగా చదివేసి, ఆ రోజు దర్జాగా పడవెక్కించాలని నా పథకం.

పడవవాళ్ళకి మన మాటలు పనికిరావు. తాడుని తాడంటే ఊరుకోరు, ఒక్కో తాడుకి ఒక్కో పేరు. ఎడమవైపు పోర్ట్, కుడివైపు స్టార్‌బోర్డ్. ఇరవై ఆరేళ్ళుగా సర్వే ఆఫీసులో మ్యాపులు గీస్తున్నవాణ్ణి, ఇదో లెక్కా అనుకున్నాను. రెండ్రోజుల్లోనే పుస్తకంలోని తాళ్ళన్నీ నా తలలో చిక్కుపడ్డాయి.

అప్పుడు ఇంటినే పడవ చేశాను. ఎవరికీ కనపడకుండా చీటీలు అంటించాను. కర్టెన్ వెనక 'తెరచాప'. తలుపు గొళ్ళెం చాటున 'లంగరు'. మంచానికి తలవైపు చెక్క వెనక 'పడవ ముందుభాగం'. తర్వాత వెల్లకిలా పడుకుని, ఎడమచేతి వైపు పరుపు కింద 'పోర్ట్' అని దోపాను. అది మా ఆవిడ పడుకునే వైపు. ఇంకేం, పోర్ట్ అంటే మా ఆవిడ పక్క. జన్మలో మర్చిపోను.

మా అత్తగారి వాలుకుర్చీ అడుగున అంటించిన చీటీ మూడో రోజు ఊడి కిందపడింది. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని పైకే చదివింది.

"'అడుగు బరువు. ఇది లేకపోతే పడవ బోల్తా పడుతుంది.' ఎవరి రాత నాయనా ఇది?"

"నాదేనండీ," అన్నాను.

"ఇన్నాళ్ళకి తెలిసిందన్నమాట," అని చీటీ మడిచి కళ్ళద్దాల పెట్టెలో దాచుకుంది.

పుస్తకంలో ముడులు కూడా ఉన్నాయి. బట్టలారేసే తాడు అయిపోయాక చేతికందినవన్నీ కట్టడం మొదలుపెట్టాను.

"ఏమండీ, నా బ్యాగుని కుర్చీకి ఎవరు కట్టారు?"

"గాలికి పోతుందని."

"ఇంట్లోనా?"

"ఫ్యాను వేసుంది కదా."

మా ఆవిడ కత్తెర తెచ్చింది. "ఇంకా ఎగిరిపోయేవి ఏమున్నాయో చెప్పండి, అన్నీ ఒకేసారి కోసేసి వెళ్తాను."

పుట్టినరోజు ఆదివారం వచ్చింది. సరస్సు దాకా కారులో మా ఆవిడే తీసుకెళ్ళింది. సరస్సు దగ్గర పరీక్ష పెట్టేది మెళ్ళో విజిల్ వేసుకున్న ఒక మేడమ్. ఒడ్డుకి కట్టిన పడవలో నన్ను నిలబెట్టింది.

"ముందుకి చూస్తూ పోర్ట్ చూపించండి."

కళ్ళు మూసుకుని మంచం తలచుకున్నాను. ముందుభాగం తలవైపు. మా ఆవిడ పక్క ఇటు. ధీమాగా కుడిచెయ్యి చాపాను.

"ఇంకోసారి ఆలోచించండి," అంది విజిల్ మేడమ్.

"ఆలోచించేదేముందండీ, రోజూ అక్కడే పడుకుంటాం."

ఆవిడ కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసింది. అప్పుడు వెలిగింది నాకు. ముందుభాగం తలవైపని రాసి, ఎడమాకుడీ మాత్రం కాళ్ళవైపు చూస్తూ రాసుకున్నాను. మూడు వారాలు పడవలో వెనక్కి తిరిగి పడుకున్నాను.

"మీతో వచ్చినవాళ్ళు ఎవరైనా ప్రయత్నిస్తారా?"

మా ఆవిడ చెప్పులు విప్పి పడవలోకి దిగింది. పోర్ట్, స్టార్‌బోర్డ్, ఆఖరికి తాళ్ళ పేర్లతో సహా గడగడా చెప్పేసింది.

"నీకెలా వచ్చు?"

"ఇల్లు ఊడ్చేది ఎవరండీ?"

సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. మళ్ళీ ఆవిడే నడపాలి. నా ఒక్క గంటా పోయింది. "పాసైనవాళ్ళు పక్కనుంటే చుక్కాని ఎవరు పట్టుకున్నా ఫర్వాలేదు," అని విజిల్ మేడమ్ అన్నది గానీ, పరీక్ష తప్పినవాడికి అడిగే మొహమేది.

తెరచాప వాళ్ళే కట్టిచ్చారు. గాలి మెల్లగా ఉంది. మా ఆవిడ చుక్కాని కర్ర పట్టుకుని ఎడమకి వెళ్దామని ఎడమకే తోసింది. పడవ కుడికి తిరిగి రెల్లులో దూరింది. బయటపడి మళ్ళీ తోసింది. మళ్ళీ రెల్లే.

"ఇది స్టీరింగులా లేదండీ. నావల్ల కాదు, మీరు రండి."

కర్ర అందుకున్నాను.

"పోర్ట్‌కి తిప్పండి," అంది.

నా బుర్రలో పోర్ట్ ఎటుందో అటే, అంటే కుడికి, తోశాను. పడవ బుద్ధిగా ఎడమకి తిరిగింది. స్టార్‌బోర్డ్ అంది. అదీ తిరిగింది. తలకిందులుగా నేర్చుకున్నదంతా నీళ్ళమీద నిటారుగా నిలబడింది.

"చూశావా, ఇది కారు కాదు," అన్నాను, కాస్త గొంతు పెంచి.

ఆవిడ వెనక్కి వాలి, చేతులు ఒళ్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"పుస్తకంలో ఇరవై రెండో పేజీ చదివారా?"

"లేదు. అందులో ఏముంది?"

"కర్ర ఎటు తోస్తే పడవ దానికి ఎదురువైపు తిరుగుతుందని."

రెల్లులోకి రెండుసార్లూ ఎంత నెమ్మదిగా, ఎంత జాగ్రత్తగా వెళ్ళిందో అప్పుడు గుర్తొచ్చింది.

"అయితే మంచం చీటీలు..."

"మొదటి వారమే చూశాను. దిద్దుదామనుకున్నాను. ఆ పేజీ చదివాక అలాగే ఉంచేశాను. పరీక్ష ఎవరు పాసైతే ఏం, పడవ మీరు నడపాలిగా. ఒడ్డొస్తే లేపండి."

కర్రని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. మాట్లాడితే కర్ర ఎటు తోస్తానో నాకే నమ్మకం లేదు.

కాసేపటికి నిద్రపట్టేసింది ఆవిడకి. కాలు నా పిక్కకి ఆనే ఉంది. ఒకసారి రెల్లు బాగా దగ్గరకొచ్చింది. ఇంకోసారి ఎదురుగా వేరే పడవ వచ్చింది.

ఆ కాలు కదల్లేదు.