మొహం చెల్లదు

నాకు డెబ్బై మూడేళ్లు. చూసిన వాళ్లెవరైనా ఈ మాట నమ్ముతారు. కొందరు ఇంకో పదేళ్లు కలిపి మరీ నమ్ముతారు. నమ్మనిది మా ఊరి సూపర్‌మార్కెట్ ఒక్కటే.

నా భార్య బెరిల్ మార్చిలో పోయింది. అంత్యక్రియలకు వచ్చిన వాళ్లంతా శాండ్‌విచ్‌లు తిని, టీ తాగి, వానలోనే వెళ్లిపోయారు. బెరిల్ అక్క ఎడ్నా మాత్రం వాన తగ్గాక వెళతానంది. మాది ఇంగ్లండులో లాంకషైర్. ఇక్కడ వాన తగ్గాక వెళతానన్న మనిషి వెళ్లే మనిషి కాదు.

వదినకు మోర్‌కమ్‌లో సముద్రం కనిపించే ఫ్లాటు ఉంది. అయినా నా ఇంట్లో, బెరిల్ కుర్చీలో కూర్చుంది. నేను నోరు తెరిస్తే సరిచేస్తుంది, మూస్తే ఎందుకు మూశావంటుంది. నాకు కావలసింది నా ఇల్లు, నా కుర్చీలు, కాస్త నిశ్శబ్దం. అంతకు మించి నేనెవర్నీ ఏమీ అడగలేదు.

సెప్టెంబరులో ఒకరోజు ఆ మాట పైకే అన్నాను.

"నేను వెళితే నీకు వండిపెట్టేదెవరు, మరిదీ?"

"నేనే వండుకుంటాను."

"నువ్వా? గుడ్డు ఉడికించమంటే కుండ మాడ్చావు."

"కుండ మాడింది. గుడ్డు బాగానే ఉంది."

వదిన అల్లిక సూదులు పక్కన పెట్టింది. అవి పక్కన పెట్టిందంటే తీర్పు వస్తున్నట్టే. "సరే. ఈ ఆదివారం మధ్యాహ్నం రోస్టు భోజనం నువ్వే చెయ్యి. మన చర్చి పాదిరమ్మను పిలుస్తాను. ఆవిడ ముందు మాంసం నువ్వే కోసి వడ్డించు. సక్రమంగా కోశావంటే సోమవారం రైలెక్కుతాను."

మా వైపు ఆదివారం మాంసం కోసేది ఇంటి యజమాని. నలభై ఆరేళ్ల కాపురంలో బెరిల్ నా చేతికి ఆ కత్తి ఇవ్వలేదు. అందులోనే అర్థం చేసుకోండి.

ఒప్పుకున్నాక వంటింట్లోకి వెళ్లి సొరుగు లాగాను. కత్తులు లేవు.

"పోలీసు స్టేషను ముందు డబ్బాలో వేసేశాను," అంది వదిన. "మొద్దుబారాయి. మొద్దు కత్తి ప్రమాదం."

ఆ డబ్బా గూండాలు బుద్ధి తెచ్చుకుని ఆయుధాలు వదిలేయడానికి పెట్టినది. నా బంగాళదుంపల కత్తి అందులో ఎవరి పక్కన పడి ఉందో ఆలోచించడం నాకిష్టం లేదు. ఇన్నాళ్లూ కత్తి లేదని నాకు తెలియకపోవడానికి కారణం ఉంది. వదిన క్యాబేజీ ఉడికిస్తే కొయ్యక్కర్లేదు, స్ట్రా వేసుకుని తాగొచ్చు.

శుక్రవారం సూపర్‌మార్కెట్‌కు వెళ్లాను. మాంసం కోసే పొడుగు కత్తి తీసుకుని, మనమే బిల్లు చేసుకునే మిషను ముందు పెట్టాను. ఇక్కడ పద్దెనిమిది నిండని వాళ్లకు కత్తి అమ్మకూడదు. మిషను నెత్తి మీద ఎర్ర లైటు వెలిగింది. మేనేజరు డేరెన్ వచ్చాడు. ఊళ్లో అతన్ని తేదీల డేరెన్ అంటారు. పాల మీద తేదీ చూస్తాడు, బ్రెడ్డు మీద చూస్తాడు, ఈ మధ్య మనుషుల మీద కూడా చూస్తున్నాడు.

"వయసుకు రుజువు ఉందా సార్?"

"ఉంది. ఇదిగో, నా మొహం."

"మొహం చెల్లదు సార్."

"పాతికేళ్ల లోపు కనిపిస్తేనే అడుగుతామని కదా నీ బోర్డు మీద ఉంది?"

"అది పాత బోర్డు. పోయిన నెల తనిఖీ వాళ్లు ఒక కుర్రాణ్ణి పంపారు. పదిహేడేళ్లు. బట్టతల, బొజ్జ. మా కొట్లో పనిచేసే అమ్మాయి నమ్మేసి కత్తి అమ్మింది. అప్పట్నుంచి మేం ఎవరి మొహాన్నీ నమ్మడం లేదు. అందులోనూ బట్టతలలంటే మరీ జాగ్రత్త." నా నెత్తి వైపు చూశాడు.

బస్సు పాసు తీసిచ్చాను. "అరవయ్యారేళ్లు నిండిన వాళ్లకే ఇస్తారిది."

డేరెన్ అటూ ఇటూ తిప్పి చూశాడు. "నిజమే సార్. కానీ దీని మీద పుట్టిన తేదీ లేదు. మీకు అరవయ్యారు దాటినట్టు తెలుస్తోంది. పద్దెనిమిది దాటినట్టు ఎక్కడా లేదు."

"పాస్‌పోర్టు గడువు అయిపోయింది."

"డ్రైవింగ్ లైసెన్సు?"

"కళ్లు సరిగా ఆనడం లేదని తిరిగిచ్చేశాను."

"కళ్లు ఆనని మీకు ఇంత కత్తి ఎందుకు సార్?"

వెనక క్యూ పెరిగింది. మా వాళ్లకు క్యూ కనబడితే చాలు, దేనికో తెలియకపోయినా చివర నిలబడతారు. అందులోంచి క్లెమ్ ముందుకొచ్చాడు. వాడూ నేనూ ఒకే బళ్లో, ఒకే బెంచీ మీద చదివాం. వాడి కోటు జేబులో పాస్‌పోర్టు ఎప్పుడూ ఉంటుంది. వాడి భార్య బతికే ఉంది, ఏ క్షణాన ఏ అవసరం వస్తుందో తెలియదు.

"జరుగు విల్ఫూ, నేను కొంటాను," అన్నాడు.

డేరెన్ పాస్‌పోర్టు చూశాడు, తల ఊపాడు. "ఈ కత్తి మీకేనా సార్?"

అవునంటే అయిపోయేది. కానీ క్లెమ్ చర్చిలో చందా పళ్లెం పట్టుకునే మనిషి. "కాదు బాబూ. వీడికే," అన్నాడు.

డేరెన్ కత్తి వెనక్కి లాక్కున్నాడు. "పద్దెనిమిది దాటినట్టు రుజువు లేని వ్యక్తికి పెద్దవాళ్లు కత్తి కొనిపెట్టడం నేరం సార్. మిమ్మల్ని కొన్నాళ్లు ఈ కొట్లోకి రానివ్వలేను. ఏమీ అనుకోకండి."

"అయ్యో, పొరపాటు నాదే. ఏమీ అనుకోకు," అన్నాడు క్లెమ్.

"ఆలస్యమైంది, క్షమించండి," అన్నాను నేను క్యూతో.

"పర్లేదు, మాదే తప్పు," అంది క్యూ.

ఇలా అందరం అందరికీ క్షమాపణ చెప్పుకుని చెదిరిపోయాం. బయట క్లెమ్ నా వైపు అదోలా చూశాడు. "డెబ్బై నాలుగేళ్లొచ్చాయి. ఇన్నేళ్లకి పిల్లల్ని చెడగొడుతున్నానన్న పేరొచ్చింది, నీ మూలంగా," అన్నాడు.

కత్తి లేదు. ఆదివారం ఆగదు. శనివారం పొద్దున వదిన చర్చికి పూలు సర్దడానికి వెళ్లగానే బీఫ్ రోస్టు చేశాను. చల్లారాక సంచిలో పెట్టుకుని మాంసం కొట్టు గిల్బర్ట్ దగ్గరికి వెళ్లాను.

"గిల్బర్ట్, దీన్ని నీ మిషను మీద పల్చగా కొయ్యి. కోశాక ముక్కలన్నీ మళ్లీ ఒకటిగా పేర్చి, పైనుంచి దారం కట్టు."

"కోసేది దేనికి, కట్టేది దేనికి?"

"మా వదిన వెళ్లడానికి."

గిల్బర్ట్‌కు కూడా ఒక వదిన ఉంది. ఇంకేమీ అడగలేదు. ముక్కలు పేర్చి, దారంతో జారుముడి వేసి, ఎంతో ఓపిగ్గా చుట్టి ఇచ్చాడు. చూస్తే పొయ్యిలోంచి తీసిన ముద్దలాగే ఉంది, ఎక్కడా గీత కనబడలేదు. నా కళ్లకు అసలే ఏదీ కనబడదు.

ఆదివారం పాదిరమ్మ హిలరీ గారు వచ్చారు. దుంపలు వేగాయి, క్యారెట్లు గట్టిగానే ఉన్నాయి, గ్రేవీ గడ్డకట్టకుండా కదిలింది. వేడి చేసిన మాంసం పళ్లెంలో పెట్టి బల్ల మీదికి తెచ్చాను. వెన్న రాసుకునే కత్తి చేతిలోకి తీసుకున్నాను.

"విల్ఫ్ గారూ, దానితో తెగుతుందా?" అన్నారు పాదిరమ్మ.

"కత్తిలో ఏముందండీ, చేతిలో ఉంది."

జారుముడి లాగి, మాంసానికి కత్తి అలా తగిలించాను. ముక్క పడింది. ఇంకోటి తగిలించాను, ఇంకో ముక్క. తర్వాత తగిలించక ముందే పడటం మొదలుపెట్టాయి. చివరికి మొత్తం ముద్ద పేకముక్కల్లా ఒక పక్కకు ఒరిగి పళ్లెం నిండా పరుచుకుంది. నేను కత్తి గాల్లో పట్టుకుని నిలబడి ఉన్నాను.

"అద్భుతం," అన్నారు పాదిరమ్మ, కొంచెం వెనక్కి జరిగి.

వడ్డించాను. తిన్నారు. కాసేపు నమిలారు. ఇంకాసేపు నమిలారు. వదిన నోట్లోంచి రెండు వేళ్లతో ఒక తెల్లటి కాగితం నెమ్మదిగా బయటికి లాగి, పళ్లెం అంచున పెట్టింది.

"మరిదీ, ఈ ఆవుకు చదువు అబ్బినట్టుంది."

గిల్బర్ట్ చేతికి అలవాటు. ముక్కకూ ముక్కకూ మధ్య కాగితం పెట్టకుండా ఉండలేడు. నేను పాదిరమ్మ వైపు చూశాను. ఆవిడ మర్యాదస్తురాలు. తన కాగితం మింగేసి నీళ్లు తాగుతున్నారు.

"చాలా రుచిగా ఉందండీ," అన్నారు.

ఆవిడ వెళ్లాక నేను తగ్గలేదు. "ముక్క ఎక్కడైనా వంకరపోయిందా?"

"లేదు," అంది వదిన.

"సక్రమంగా కోస్తే వెళతానన్నావు."

"వెళతాను. మాట తప్పే మనిషిని కాదు. కానీ కత్తి లేని ఇంట్లో నిన్ను వదిలేసి వెళితే చెల్లెలి ముందు నాకు మొహం ఉండదు. రేపు పొద్దున ఒక కత్తి కొని ఇచ్చి, అట్నుంచి అటే వెళతాను."

సోమవారం సూట్‌కేసు గుమ్మంలో పెట్టి కొట్టుకు వెళ్లింది. నేను వెళ్లి బెరిల్ కుర్చీలో కూర్చున్నాను. ఇంట్లో చప్పుడు లేదు. చాలా బాగుంది. టీ పెట్టుకున్నాను, తాగాను. రైలు వేళ దాటిపోయింది.

తలుపు తెరుచుకుంది. వదిన టోపీ పక్కకు వాలి ఉంది, బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"ఆ డేరెన్ నన్ను వయసు అడిగాడు."

"అందరినీ అడుగుతాడు."

"పద్దెనిమిది నిండాయా అన్నాడు. పాస్‌పోర్టు ఇచ్చాను. దాన్ని చూసి, నన్ను చూసి, మళ్లీ దాన్ని చూశాడు."

"ఫొటో పాతదై ఉంటుంది."

"మోర్‌కమ్‌లో నన్ను చూడగానే బస్సులో లేచి చోటిస్తారు, విల్ఫ్. ఇక్కడ పద్దెనిమిది నిండాయా అని అడుగుతున్నారు." గుమ్మంలోని సూట్‌కేసు తీసుకుని మేడ ఎక్కింది.

మర్నాడు జిగురు సీసా తెచ్చింది. ఆ మర్నాడు లైటరులో పోసే గ్యాసు. తర్వాత రంగు పల్చన చేసే నూనె. వయసు అడగని వస్తువు ఆవిడ కొనడం మానేసింది. ఇంట్లో బ్రెడ్డు ఉండదు, కత్తులు మాత్రం గూండాల డబ్బాలో కన్నా ఎక్కువ ఉన్నాయి. ఇంటి నిండా గ్యాసూ నూనే, చుట్ట వెలిగించాలంటే వీధి చివరిదాకా నడవాలి.

నవంబరులో దేవుడు నా వైపు చూశాడనుకున్నాను. కొట్టు బోర్డు మార్చారు. పాతికేళ్ల లోపు కనిపించే వాళ్లనే అడుగుతారట. ఆ పొద్దున వదిన జిగురుకు బయల్దేరగానే మేడ మీద నుంచి సూట్‌కేసు దించి తుడిచాను.

తిరిగొచ్చిన మనిషి పాట పాడుకుంటూ వచ్చింది. "ఇవాళ క్యూలో ఎవర్నీ అడగలేదు. నన్నొక్కదాన్నే అడిగాడు," అంది.

నేను కోటు వేసుకుని సూటిగా కొట్టుకు వెళ్లాను.

"ఎందుకడిగావు బాబూ ఆవిణ్ణి? డెబ్బై ఆరేళ్ల మనిషిని?"

డేరెన్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పాస్‌పోర్టు పైకెత్తి పట్టుకుని నిలబడిపోతారు సార్. అడిగేదాకా కదలరు. వెనక క్యూ మాంసం కొట్టు దాకా వెళ్లింది."

వచ్చాను కదా అని ఒక చిన్న కత్తి తీసి మిషను ముందు పెట్టాను. ఎర్ర లైటు వెలిగింది. డేరెన్ నా వైపు సరిగా చూడను కూడా చూడలేదు. మీట నొక్కాడు, పచ్చ లైటు వచ్చింది.

"నన్ను అడగవా?"

"అక్కర్లేదు సార్."

ఇంటికి వచ్చి సూట్‌కేసు తిరిగి మేడ మీద పెట్టాను. వదిన బెరిల్ కుర్చీలోంచి తలెత్తి నా చేతిలోని కత్తి చూసింది.

"నిన్ను అడిగాడా?"

"అడిగాడు," అన్నాను.