నోరు విప్పని నల్లతెర

“ఆ పౌడరు డబ్బా కింద పెట్టండి. మూత తీసి వారం కూడా కాలేదు,” అన్నారు అత్తగారు, ఎన్నోసారో.

“న్యాయం కోసం మనుషులు ప్రాణాలిస్తారు. నువ్వు పౌడరివ్వలేవా?” అన్నారు మామగారు.

“ప్రాణాలైతే మీవి ఇచ్చుకోండి. పౌడరు నాది.”

ఈ రభస మధ్యలో కూర్చుని కోడలు కంప్యూటర్ వంక దీనంగా చూస్తోంది. ఆఫీసు మెషీన్‌కు ఆదేశాలు టైపు చేసే నల్లతెర పొద్దుటి నుంచీ మొండికేస్తోంది. ఫైళ్లు గలగలా వెళ్తున్నాయి కదా అని వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి బిగుసుకుపోతోంది. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. మూసి, తెరిచి, మొదటినుంచీ చేస్తే మళ్లీ అదే తంతు. ఐదింటికల్లా ఫైళ్లన్నీ చేరకపోతే రేపట్నుంచి ఆఫీసుకొచ్చి కూర్చోవాల్సిందేనని మేనేజరు తేల్చి చెప్పేసింది. అంటే రెండు బస్సులు మారాలి. ఇంటి నుంచి పని చేయడమనేది ఎంతో బతిమాలితే దొరికిన వెసులుబాటు.

మామగారు గొంతు సవరించుకున్నారు. “అమ్మాయ్, బెంగపడకు. నా అడుగుల చప్పుడు వింటే నేరప్రపంచానికి నిద్ర పట్టదు. ఈ ఇంట్లో ఇన్‌స్పెక్టరున్నాడు!”

ఉన్నమాటే. బస్సుల్లో టిక్కెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారాయన.

“టిక్కెట్టు లేనివాణ్ణి చెవులు చూసి పట్టేసేవాణ్ణి.”

“ఓసారి డ్రైవర్నే దింపేశారుగా,” అన్నారు అత్తగారు.

ఆయన వినిపించుకోకుండా ఫ్రిజ్ ముందు నిలబడ్డారు. “అడిగినదానికి జవాబు చెప్పకుండా గుర్రుమంటోంది. దోషి లక్షణం!” అని ప్లగ్గు పీకేశారు. నల్లతెర కదల్లేదు.

“అదిగో, ఆ నెట్ డబ్బా కన్ను గీటుతోంది. ఎవరికి సైగ చేస్తోంది?”

“మామయ్యగారూ, అది పీకితే అసలు ఆఫీసే దొరకదండీ!” కోడలు చేతులు చాపి అడ్డం నిలబడింది.

“అయితే వేలిముద్రలే గతి,” అంటూ ఆయన కీబోర్డు మీద పౌడరు కుమ్మరించి ఉఫ్‌మని ఊదారు. ఇల్లంతా తుమ్ములు. పొగమంచు తగ్గాక చూస్తే రెండు మీటల మీద మాత్రం పౌడరు దట్టంగా అంటుకుని ఉంది. ఒకటి కంట్రోల్, రెండోది ఎస్.

“నిందితుడు ఈ రెండే వాడాడు! ఎవడా దుర్మార్గుడు?”

గదిలోంచి తల బయటపెట్టిన కొడుకు నవ్వాడు. “అవి సేవ్ బటన్లు నాన్నా. నిన్న కరెంటు పోయి దీని రిపోర్టు ఎగిరిపోయినప్పుడు నువ్వేగా రూలు పెట్టావు, పక్కనుంచి ఎవరెళ్లినా ఆ రెండూ కలిపి ఓసారి నొక్కిపోవాలని? మంచినీళ్లకెళ్లినప్పుడల్లా నొక్కుతూనే ఉన్నా.”

“నేనూ నొక్కుతున్నా. పాపం, పిల్ల కష్టం పోకూడదని,” అన్నారు అత్తగారు.

“నేనైతే వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి,” అని మామగారు ఛాతీ విరిచారు. “అంటే ఇవి కాపాడిన చేతులు. కేసు మళ్లీ మొదటికొచ్చింది.”

“ముందు ఆ పౌడరు తుడవండి!”

ఆయన కండువాతో తుడవబోయి, ఇంటిపెంకులు లేచేలా తుమ్మారు. బొటనవేలు కంట్రోల్ మీద, చూపుడువేలు క్యూ మీద పడ్డాయి. అంతే! నల్లతెర మీద అక్షరాలు బిలబిలా పరుగెత్తాయి.

కోడలికి అనుమానమొచ్చింది. కంట్రోల్‌తో ఎస్ నొక్కింది, తెర బిగుసుకుంది. కంట్రోల్‌తో క్యూ నొక్కింది, కదిలింది. మిగతాచోట్ల భద్రపరిచే మీటలే ఈ తెరకు మాత్రం ‘ఆగు’ అనే ఆజ్ఞ. పొద్దుటి నుంచీ ఇంటిల్లిపాదీ ప్రేమగా దాని పీక నొక్కుతున్నారన్నమాట!

ఐదు కాకముందే ఫైళ్లు చేరిపోయాయి. ‘ఇక ఇంటినుంచే పని చేసుకో’ అని మేనేజరు సందేశం పంపింది.

“చూశావా నా తుమ్ము దెబ్బ!” అన్నారు మామగారు. “రేపట్నుంచి నా కుర్చీ ఇక్కడే. నీ పక్కనే కాపలా.”

“నేనూ కూరలు ఇక్కడే కూర్చుని తరుక్కుంటానమ్మా, నీకూ కాలక్షేపం,” అన్నారు అత్తగారు.

“గంటకోసారి నేనూ వచ్చి చూసిపోతాలే,” అన్నాడు కొడుకు.

కోడలు సందేశాన్ని ఇంకోసారి చదువుకుంది. కనుబొమల మీది పౌడరు తుడుచుకుని, అందరికీ వినబడేలా నెమ్మదిగా చెప్పింది.

“రేపట్నుంచి నేను ఆఫీసుకే వెళ్తానండీ.”