రంగులొచ్చాయి, చెట్లు రాలేదు

ఆ ఆదివారం ఢిల్లేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి పలాసలో బస్సెక్కడం, సోంపేటలో దిగి ఆటోలో అత్తవారి ఊరు చేరడం, అక్కడి టీవీకి లాప్‌టాప్ తగిలించి భార్య వసంతలక్ష్మికి ఆమె పుట్టింటి కొబ్బరితోట చూపించడం, భోంచేసి సాయంత్రానికి ఇల్లు చేరడం. ఇందులో తేడా రావడానికి ఏముంది చెప్పండి!

తోట ఇప్పుడు లేదు. తిత్లీ తుపాను ముప్పై ఆరు చెట్లనూ ఒక్క పూటలో పడగొట్టి ఏడేళ్లయింది. మరుసటి ఏడాదే మామగారూ పోయారు. బడిలో రోజంతా గలగలా మాట్లాడే వసంతలక్ష్మి టీచరు, పుట్టింటికి వెళితే తోట వైపుండే పెరటి గుమ్మం దాటదు. తోటను ఒక్క ఫోటో అయినా తీసుకోలేదే అని ఎన్నిసార్లు బాధపడిందో లెక్కలేదు. పోయిన నెలలో ఓ రోజు అన్నం వడ్డిస్తూ, "ఒక్కసారి మా తోటని సూస్తే సాలండీ," అంది. ఆ మాట ఢిల్లేశ్వరరావు మనసులో పడిపోయింది.

అతను టెక్కలిలో ఒక సర్వే ఆఫీసులో మ్యాపులు గీస్తాడు. తుపానుకు రెండేళ్ల ముందు అత్తవారి ఊళ్లో ప్రతి చెట్టుకూ ఒక చుక్క పెట్టింది అతనే. ఆ మ్యాపు తాలూకు లేయర్ ఫైలు పాతకాలం సాఫ్ట్‌వేర్‌లో చేసింది కాబట్టి కొత్తదానికి ఓ పట్టాన లొంగలేదు. వారం రోజులు కుస్తీ పడితే శుక్రవారం ఆఫీసులో తెరుచుకుంది. తెర నిండా పచ్చచుక్కలు చూసి అతనికి కళ్లు చెమర్చాయి. ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, వసంతలక్ష్మి అన్న అప్పలసూరికి ఫోన్ చేసి, ఊరి చెట్లన్నీ తన జేబులో ఉన్నాయని గొప్పగా చెప్పాడు. అక్కడే నోరు జారాడు.

అప్పలసూరి ఆ మాట ఒక్కరికే చెప్పాడట. ఆ ఒక్కరు ఎందరికి చెప్పారో గానీ, వీళ్లు ఆటో దిగేసరికి టీవీ వరండాలోకి వచ్చింది, ముందు నలభై కుర్చీలు పడ్డాయి, కుర్చీలు నిండిపోయి జనం గోడలెక్కారు. అందరి చెట్లూ ఆ తుపానులో పోయినవే మరి. వరసకు అత్తయ్యే రాజులమ్మ పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది.

ఢిల్లేశ్వరరావు ఫైలు తెరిచాడు. పక్కన జాబితా చక్కగా వచ్చింది. పచ్చచుక్క కొబ్బరి, గోధుమచుక్క జీడి, పసుపుచుక్క పనస. ప్రతి దాని పక్కనా ఒక ఎర్రటి గుర్తు. మ్యాపు ఉండాల్సిన చోట మాత్రం తెల్లగా, ఖాళీగా ఉంది. మూసి తెరిచాడు. అదే తెలుపు.

"అందులో కూడా తుపాను కొట్టీసిందేటి, అల్లుడూ?" అంది రాజులమ్మ. ఎవరూ నవ్వలేదు.

చెమటలు కక్కుతూ తన ఆఫీసు జూనియరు మోహనకృష్ణకు ఫోన్ చేశాడు. ఆ కంగారులో స్పీకరు నొక్కేశాడు.

"లేయర్ ఫైల్లో సెట్లుండవన్నయ్యా. ఏ రంగు ఎయ్యాలో, సెట్ల ఫైలు ఏ కంప్యూటర్లో ఉందో ఆ అడ్రసు, అంతే ఉంటాది. సెట్లు మన పాత కంప్యూటర్లోనే ఉన్నాయి. అందుకే ఆఫీసులో కనబడ్డాయి," అన్నాడు అతను వరండా అంతా వినబడేలా.

"అంటే అడ్రసు పట్టుకొచ్చి, సెట్లు టెక్కలిలో ఒగ్గీసినారన్నమాట," అంది వసంతలక్ష్మి. కోపంగా అన్నా బాగుండేది.

ఆదివారం కదా, ఆఫీసు తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ సంతబొమ్మాళిలో పెళ్లి దగ్గర. రెండు గంటలైనా పడుతుందన్నాడు మోహనకృష్ణ. అంతసేపు జనాన్ని కూర్చోబెట్టడానికి ఢిల్లేశ్వరరావు ఇంకో తప్పు చేశాడు. తెల్ల తెర మీద ఇప్పటి ఊరి ఉపగ్రహచిత్రం వేసి, ఎవరి చెట్టు ఎక్కడుండేదో చెబితే తనే చుక్క పెడతానన్నాడు.

ఇక చూడాలి! రాజులమ్మ తన ఆరు చెట్లనూ పేర్లతో సహా చెప్పింది. అప్పలసూరికీ పక్కింటి తవిటయ్యకూ గట్టు మీది పనసచెట్టు దగ్గర మాటా మాటా పెరిగింది. ఏడేళ్ల కిందట చచ్చిపోయిన చెట్టు కాయలు ఎవరివన్నది తేలక, ఆ పసుపుచుక్క అటు నాలుగుసార్లు, ఇటు నాలుగుసార్లు తిరిగి చివరికి గట్టు మీదే ఆగింది. భోజనాల సంగతి ఎవరికీ గుర్తు లేదు.

అందరి వంతూ అయ్యాక వసంతలక్ష్మి లేచి తెర దగ్గరికొచ్చింది. తమ తోటలో చెట్లన్నీ ఒక్కొక్కటే వేలితో చూపించింది. ఆఖరి చెట్టు దగ్గర ఆగింది. ఆమె పుట్టిన రోజున నాన్న నాటింది అది.

"బావి పక్కని. కొంచెం వంగి ఉండేది."

"సుక్కకి వంపు ఉండదు, వసంతా."

"సరే, బావి వైపుకి కాస్త జరపండి."

అతను జరిపాడు.

మూడింటికి మోహనకృష్ణ అసలు చెట్లు ఫోనులో పంపాడు. లేయర్‌లో పాత అడ్రసు తీసి కొత్తది ఇవ్వగానే ఊరంతా పచ్చగా లేచి కూర్చుంది. ఢిల్లేశ్వరరావు ఛాతీ విరుచుకుని మామగారి తోటను దగ్గరికి తెచ్చాడు.

ముప్పై ఆరు చుక్కలు. బడిలో ప్రార్థనకు నిలబెట్టిన పిల్లల్లా ఆరు వరసలు, వరసకు ఆరు.

"మా నాన్న వరసలో ఎప్పుడు నాటినాడండీ?" అంది వసంతలక్ష్మి.

అప్పుడు గుర్తొచ్చింది అతనికి. ఆ సర్వేలో అందరి తోటలూ ఎండలో తిరిగి నిజాయితీగా లెక్కపెట్టాడు. ఈ ఒక్క తోటలో మామగారు రొయ్యల కూరతో భోజనం పెట్టి, చెట్టు కింద మంచం వేయించారు. చెట్లెన్నో ఆయన్నే అడిగి, కళ్లు మూతలు పడుతుంటే పడుకునే చుక్కలు పెట్టేశాడు. ఆ మాట దాచకుండా అందరి ముందూ ఒప్పుకున్నాడు.

"మంచం ఎక్కడేసినారు?" అని మాత్రం అడిగిందామె.

"బావి దగ్గర. వంగిన సెట్టు కింద. నీడ జరిగితే మీ నాన్న రెండుసార్లు మంచం జరిపినాడు."

వసంతలక్ష్మి కళ్లు నిండాయి. నవ్వుతూనే ఏడ్చింది. ఆ చెట్టు నీడలో నిద్రపోయిన మనిషి తన ఇంట్లోనే ఉన్నాడని ఇన్నేళ్లూ ఆమెకు తెలియదు. ఆ వరసలు తీసేయమంది, తను చెప్పిన చుక్కలే ఉంచమంది. వెళ్లే ముందు ఇంకొక్కటి పెట్టించుకుంది.

సోమవారం టెక్కలిలో మోహనకృష్ణ ఆ మ్యాపు తెరిస్తే, జాబితాలో కొబ్బరి, జీడి, పనసల కింద నాలుగో వరస కనబడింది: నీలంచుక్క, అల్లుడి మంచం, ఒకటి.